సన్నగా ఉన్నా ఎల్‌డీఎల్ 178: ఇది జీన్స్ వల్లేనా, టెస్ట్ చేయించుకోవాలా?

తర్వాత చదివేవాళ్లకి కూడా విషయం తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పేస్తాను. మీకు 36 ఏళ్లు, కూర్చుని చేసే ఉద్యోగం. బరువు మామూలుగానే ఉంది, సిగరెట్ అలవాటు లేదు, వారంలో నాలుగు రోజులు పరుగెడతారు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో మొత్తం కొలెస్ట్రాల్ 250, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారు) 48, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఇంకో రకం కొవ్వు) 120, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అంటారు) 178 వచ్చాయి, అన్నీ డెసీలీటరుకి మిల్లీగ్రాముల్లో. మీ పక్క సీటు ఆయన మీకంటే చాలా బరువు, వ్యాయామం ఊసే లేదు, ఆయన ఎల్‌డీఎల్ మాత్రం 96. మీ నాన్నగారికి 52వ ఏట గుండెకి స్టెంట్ వేశారు. "ఇది జీన్స్ వల్లేనా? జెనెటిక్ టెస్ట్ చేయించుకోవాలా? ఇంత కష్టపడుతున్నా మందు తప్పదా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. అవును, ఈ తేడాలో పెద్ద వాటా జీన్స్‌దే అయ్యుంటుంది. అయినా జెనెటిక్ టెస్ట్ మీకు ఇప్పుడే అక్కర్లేదు. దానికంటే ముందు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) ఇంకోసారి, థైరాయిడ్ పరీక్ష ఒకటి, ఎల్‌పీ(ఎ) అనే పరీక్ష (అదేంటో కింద చెబుతాను) జీవితంలో ఒక్కసారి చేయించుకోండి. మందు తప్పదని మిమ్మల్ని చూడకుండా చెప్పలేను కానీ, 178 పక్కన మీ నాన్నగారి 52 ఏళ్లు కూడా ఉన్నాయి కాబట్టి మీ డాక్టర్ దగ్గర ఆ మాట ఎత్తాల్సిందే.

నేను ఉద్యోగుల ఆరోగ్య పరీక్షల రిపోర్టులు చూసే డాక్టర్ని, లిపిడ్ క్లినిక్‌లో కూడా కూర్చుంటాను. మీలాంటి రిపోర్టు పట్టుకుని, మొహం చిన్నబుచ్చుకుని వచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. ఎక్కువగా వచ్చేది వ్యాయామం చేసేవాళ్లే. చేయనివాళ్లు ముందే ఊహించుకుని ఉంటారు, పెద్దగా ఆశ్చర్యపోరు.

ముందు మీ పక్క సీటు ఆయన సంగతి. రక్తంలో ఎల్‌డీఎల్ ఎంత ఉంటుందన్నది మనం ఏం తిన్నామన్నదాని కంటే, కాలేయం దాన్ని ఎంత వేగంగా వెనక్కి లాక్కుంటుందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఒకే ధారగా నీళ్లు పడే రెండు తొట్లు ఉన్నాయనుకోండి. ఒకదాని తూము వెడల్పు, రెండోదానిది సన్నం. నీటిమట్టం రెండింటిలో ఒకేలా ఉండదు కదా. మీ ఇద్దరి మధ్య తేడా చాలావరకు తూము దగ్గరే ఉంది.

ఆ పని చేసేది కాలేయ కణాల మీద ఉండే ఎల్‌డీఎల్ రిసెప్టర్. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ కణాన్ని పట్టుకుని కణం లోపలికి తీసుకుపోతుంది. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టి, అది ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పారు. 1985లో వాళ్లకి నోబెల్ వచ్చింది. దీని జీన్ 19వ క్రోమోజోమ్ మీద ఉంది. రిసెప్టర్ పట్టుకోవడానికి వీలుగా ఎల్‌డీఎల్ కణం మీద అపోబి అనే ప్రొటీన్ ఉంటుంది. ఆ ప్రొటీన్ జీన్‌లో మార్పు ఉంటే పట్టు జారిపోతుంది. రిసెప్టర్ బాగానే ఉన్నా ఎల్‌డీఎల్ రక్తంలోనే మిగిలిపోతుంది.

మూడోది పీసీఎస్‌కే9. దీని కథ నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త ఎక్కువే చెబుతాను. రిసెప్టర్ ఒక ఎల్‌డీఎల్ కణాన్ని లోపల దింపి, మళ్లీ పైకి వచ్చి ఇంకోదాన్ని పట్టుకోవాలి. పీసీఎస్‌కే9 వచ్చి దానికి అంటుకుంటే అది పైకి రాదు, లోపలే ముక్కలైపోతుంది. 2003లో ఫ్రాన్స్‌లో కొన్ని కుటుంబాల్లో ఈ ప్రొటీన్ అతిగా పనిచేసే మార్పులు దొరికాయి, వాళ్లందరికీ కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ. కొన్నాళ్లకి అమెరికాలో దానికి పూర్తిగా ఎదురుగా, పీసీఎస్‌కే9 సరిగ్గా పనిచేయని మనుషులు కనపడ్డారు. 2006లో వచ్చిన అధ్యయనంలో అలాంటి మార్పు ఉన్న నల్లజాతీయుల్లో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువ. తెల్లజాతీయుల్లో కనిపించిన తేలికపాటి మార్పుకి ఎల్‌డీఎల్ 15 శాతమే తగ్గింది, జబ్బు మాత్రం 47 శాతం తగ్గింది.

ఆ రెండో జత అంకెలు ఇంకోసారి చూడండి. 15 శాతం తగ్గుదలంటే మనం పెద్దగా లెక్క చేయం. అదే పుట్టినప్పటి నుంచి ఉంటే ఫలితం దాదాపు సగం. మీకు మందు గురించి చెప్పేటప్పుడు దీని దగ్గరికే మళ్లీ వస్తాను.

అపో ఇ అనే ఇంకో జీన్ గురించి కూడా వినే ఉంటారు. దీనిలో ఇ2, ఇ3, ఇ4 అని మూడు రకాలు, ఎక్కువమందికి ఉండేది ఇ3. ఇ4 ఉంటే ఎల్‌డీఎల్ కాస్త పైకి, ఇ2 ఉంటే కాస్త కిందికి. ఇ4కి అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుతో కూడా సంబంధం ఉంది కాబట్టి, కొలెస్ట్రాల్ కోసమని ఈ టెస్ట్ చేయించుకుని, అక్కర్లేని టెన్షన్ ఇంటికి తెచ్చుకున్నవాళ్లని చూశాను. కొలెస్ట్రాల్ వైద్యంలో దాని వల్ల మారేది దాదాపు ఏమీ ఉండదు.

ఇవన్నీ పేరున్న జీన్స్. నిజానికి ఎక్కువమంది విషయంలో ఒక్క జీన్ దోషి కాదు. వందల చోట్ల చిన్న చిన్న తేడాలు, ఒక్కొక్కటి ఒక మిల్లీగ్రామో, రెండో పెంచేవీ తగ్గించేవీ ఉంటాయి. 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 16 లక్షల 50 వేల మంది డీఎన్ఏ చూసి, రక్తంలో కొవ్వులతో సంబంధం ఉన్న చోట్లు 900కి పైగా ఉన్నాయని తేల్చింది. మీకు పెంచేవి ఎక్కువ పడి ఉంటాయి, మీ పక్కాయనకి తగ్గించేవి ఎక్కువ పడి ఉంటాయి. అంతకుమించి అందులో ఎవరి గొప్పా లేదు, ఎవరి తప్పూ లేదు. అన్నట్టు, ఆయన 96 చూసుకుని నిశ్చింతగా ఉండడం కూడా సరికాదు. బీపీ, షుగర్, పొట్ట చుట్టుకొలత అనేవి ఎల్‌డీఎల్ రిపోర్టులో కనిపించవు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఎల్‌డీఎల్‌లో జన్యు వాటా 40 నుంచి 60 శాతం అని రాస్తుంటారు. అది చదివి "అయితే నా 178లో సగం, అంటే 89, జీన్స్‌ది, మిగతా 89 నాది" అని లెక్క వేసుకునేవాళ్లున్నారు. ఆ అంకెకి అర్థం అది కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల్లో ఎంత భాగాన్ని జన్యు తేడాలతో వివరించొచ్చో అది చెబుతుంది. ఒక మనిషి అంకెని రెండు ముక్కలు చేసి చూపించదు. అందరూ ఒకేలా తిని, ఒకేలా తిరిగే చోట జన్యు వాటా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ తేడా తేవడానికి మిగిలింది జీన్సే. ఒకే ఆఫీసులో, ఒకే గంటలు కూర్చుని, ఒకే క్యాంటీన్‌లో తినేవాళ్ల మధ్య జీన్స్ ప్రభావం కొట్టొచ్చినట్టు కనిపించడానికి అది కూడా ఒక కారణం.

ఇప్పుడు అసలు భయం: "నాకు ఉన్నది ఆ వంశపారంపర్య జబ్బేనా?" ఫెమిలియల్ హైపర్ కొలెస్టరోలీమియా అంటారు, ఎఫ్‌హెచ్ అని పొట్టిగా. సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది, కాబట్టి అంత అరుదేమీ కాదు. ఇందాక మొదట చెప్పిన మూడు జీన్స్‌లో (ఎల్‌డీఎల్ రిసెప్టర్, అపోబి, పీసీఎస్‌కే9) ఏదో ఒకదానిలో గట్టి లోపం తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. చిన్నతనం నుంచే ఎల్‌డీఎల్ ఎక్కువ. వైద్యం లేకపోతే ఈ లోపం ఉన్న మగవాళ్లలో సుమారు సగం మందికి 50 ఏళ్లలోపే గుండె జబ్బు బయటపడుతుంది.

మీ విషయంలో అది ఉందా లేదా అని అంచనా వేయడానికి మేం డచ్ లిపిడ్ క్లినిక్ స్కోర్ వాడతాం. మీరు ఇచ్చిన వివరాలతో లెక్క కడదాం. ఎల్‌డీఎల్ 155 నుంచి 189 మధ్య ఉంటే 1 పాయింటు, మీది 178 కాబట్టి 1. తండ్రికి 55 ఏళ్లలోపు గుండె రక్తనాళాల జబ్బు, దానికి 1. మొత్తం 2. మూడు నుంచి ఐదు వస్తే "ఉండొచ్చు" అంటాం, ఆరు నుంచి ఎనిమిది అయితే "ఉండే అవకాశం గట్టిది", ఎనిమిది దాటితే "ఖాయం". రెండుతో మీరు "ఉండకపోవచ్చు" గుంపులోనే ఉన్నారు. కాకపోతే ఈ లెక్క మందు వాడకముందు అంకెలకే వర్తిస్తుంది. రెండు పాయింట్లని పెంచేసే సంగతులు ఒంటి మీద ఉన్నాయేమో కూడా చూసుకోవాలి. 45 ఏళ్లలోపు నల్లగుడ్డు అంచున తెల్లటి వలయం ఉంటే 4 పాయింట్లు. మడమ వెనక స్నాయువు మందంగా, గడ్డలు కట్టినట్టు ఉంటే 6.

ఆ స్నాయువు సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఒకావిడ ఉద్యోగంలో చేరే ముందు పరీక్షకి వచ్చారు. ముప్ఫై దాటలేదు, ఎల్‌డీఎల్ 244. అంతకుముందు పనిచేసిన చోట కూడా రిపోర్టులో అదే అంకె పక్కన ఎర్ర గుర్తు పెట్టి, "నూనె తగ్గించండి" అని రాసి వదిలేశారు. నిలబెట్టి వెనక నుంచి చూస్తే రెండు మడమల పైనా స్నాయువు వేలంత మందం ఉంది. వేలితో పక్కలకి నొక్కితే రాయిలా గట్టిగా, ఎగుడుదిగుడుగా తగిలింది. బూట్లు ఎప్పుడూ అక్కడే ఒరుసుకుంటాయని, అందుకే వెనక పట్టీ లేని చెప్పులు వేసుకుంటానని చెప్పారు. ఎల్‌డీఎల్‌కి 3, స్నాయువుకి 6, అక్కడే తొమ్మిది. జీన్ టెస్ట్ రాకముందే జబ్బు ఖాయమైంది. అయినా ఆవిడకి టెస్ట్ చేయించాం, ఎందుకో కింద చెబుతాను. వాళ్ల అన్నయ్యని పిలిపిస్తే ఆయనకీ 260కి పైనే. అప్పటిదాకా ఒక్కసారి కూడా కొలెస్ట్రాల్ చూపించుకోలేదు.

కాబట్టి ఈ రాత్రి అద్దం ముందు నిలబడి కళ్లు చూసుకోండి, చేత్తో మడమ వెనక తడిమి చూసుకోండి. ఏమీ లేకపోతే మీది చాలావరకు పైన చెప్పిన చిన్న చిన్న తేడాల కలయికే.

జీన్స్ మీద నింద వేసే ముందు వేరే కారణాలు లేవని తేల్చుకోవాలి. థైరాయిడ్ మందగిస్తే కాలేయంలో ఎల్‌డీఎల్ రిసెప్టర్లు తగ్గిపోతాయి, ఎల్‌డీఎల్ పెరుగుతుంది. మా దగ్గరికి వచ్చిన ఒకాయన "మా ఇంట్లో అందరికీ కొలెస్ట్రాలే సార్, మా రక్తమే అంత" అని నవ్వుతూ చెప్పారు, 210 ఉంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్) చూస్తే బాగా ఎక్కువ. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) మొదలుపెట్టిన కొన్ని నెలలకి ఎల్‌డీఎల్ 130 దగ్గరికి దిగింది. కొలెస్ట్రాల్ మాత్ర ఒక్కటి కూడా రాయలేదు. కిడ్నీ నుంచి ప్రొటీన్ పోయే జబ్బులు, కాలేయంలో పైత్యరసం నిలిచిపోయే జబ్బులు, కొన్ని మందులు (స్టెరాయిడ్లు, మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్, సైక్లోస్పోరిన్) కూడా ఇలాంటి పనే చేస్తాయి. గర్భంతో ఉన్నప్పుడు ఎల్‌డీఎల్ సహజంగానే పెరుగుతుంది, అప్పటి అంకెని పట్టుకుని ఎవరికీ ముద్ర వేయకూడదు.

పరుగెత్తే వాళ్లని ఇంకోటి తప్పకుండా అడుగుతాను. కార్బోహైడ్రేట్లు బాగా తగ్గించి, కొవ్వు ఎక్కువ తినే పద్ధతిలో ఉన్నారా? మీరు ఆ మాట రాయలేదు. సన్నగా ఉండి, బాగా వ్యాయామం చేసేవాళ్లలో కొందరికి ఆ తిండితో ఎల్‌డీఎల్ అమాంతం పెరిగిపోతుంది. బరువు తగ్గుతుంది, ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, ఒంట్లో హాయిగా ఉంటుంది, ఎల్‌డీఎల్ మాత్రం 200 దాటుతుంది. అలా అయితే ముందు తిండి మార్చి, కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి. జీన్స్ గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఆఫీసు చెకప్ అంకెని ఎంతవరకు నమ్మాలన్నది కూడా ఉంది. ఏ మార్పూ లేకపోయినా ఒకే మనిషి ఎల్‌డీఎల్ ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ 8, 10 శాతం అటూ ఇటూ అవుతుంది. అంటే మీ 178 వచ్చేనెల 163 రావచ్చు, 192 కూడా రావచ్చు. రెండూ మీరే. పోయిన ఏడాది 170, ఈ ఏడాది 178 అని కంగారుపడేవాళ్లకి నేను చెప్పేది ఇదే. జ్వరమో పెద్ద ఇన్ఫెక్షనో వచ్చిన కొత్తలో ఎల్‌డీఎల్ కృత్రిమంగా తగ్గి కనిపిస్తుంది, అందుకే పూర్తిగా కోలుకున్నాక చేయించుకోవాలి.

చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, లెక్క కడతారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం అది: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు కూడా తీసేయడం. మీ అంకెలతో చూడండి, 250 లోంచి 48, 24 తీస్తే సరిగ్గా 178. మీ ట్రైగ్లిజరైడ్లు 120 కాబట్టి ఈ లెక్కని నమ్మొచ్చు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు. రాత్రి షిఫ్టుల వాళ్లకి, ముందు రోజు మద్యం తీసుకున్నవాళ్లకి ఇది తరచుగా తగులుతుంది. రాత్రంతా పనిచేస్తూ ఏదో ఒకటి నములుతూ ఉండి, పొద్దున్నే "పరగడుపు" అని రక్తం ఇచ్చేవాళ్లు బోలెడుమంది. అలాంటప్పుడు ఎల్‌డీఎల్ బదులు నాన్ హెచ్‌డీఎల్ చూడండి, అంటే మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది. దానికి పరగడుపు అవసరం కూడా లేదు.

హెచ్‌డీఎల్ గురించి ఒక్క మాట. "మంచి కొలెస్ట్రాల్ ఎక్కువుంది కదా" అని ధైర్యం తెచ్చుకోకండి. పుట్టుకతోనే హెచ్‌డీఎల్‌ని మాత్రమే పెంచే జన్యు మార్పు ఉన్నవాళ్లకి గుండెపోటు తగ్గుతుందా అని 2012లో చూశారు. తగ్గలేదు. ఎల్‌డీఎల్‌ని మార్చే జీన్స్ విషయంలో మాత్రం ప్రతిసారీ అంకె, జబ్బు కలిసే నడిచాయి.

ఇక నేను అడగమన్న ఎల్‌పీ(ఎ). లైపోప్రొటీన్ ఎ అని దాని పూర్తి పేరు. నార్వేకి చెందిన కోరె బెర్గ్ 1963లో కనిపెట్టారు. ఎల్‌డీఎల్ లాంటి కణమే, కాకపోతే దానికి ఇంకో ప్రొటీన్ అదనంగా తగిలించి ఉంటుంది. దాని మోతాదు దాదాపు పూర్తిగా 6వ క్రోమోజోమ్ మీదున్న ఒక్క జీన్ చేతిలోనే ఉంది. తిండి, వ్యాయామం, స్టాటిన్లు (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు) దేనికీ అది పెద్దగా కదలదు. సుమారు ఐదుగురిలో ఒకరికి 50 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఇది విడిగా కనిపించదు, దానిలో ఉన్న కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ లెక్కలోనే కలిసిపోతుంది. ఎల్‌డీఎల్ 110 ఉన్న ఒకాయనకి నలభై నాలుగేళ్లకే గుండెపోటు వచ్చింది. సిగరెట్ లేదు, షుగర్ లేదు. "నాకే ఎందుకు" అన్న ఆయన ప్రశ్నకి జవాబు ఈ పరీక్షలోనే దొరికింది. తర్వాత చూస్తే తమ్ముడికీ ఎక్కువే ఉంది. మీ నాన్నగారికి 52లో స్టెంట్ పడింది కాబట్టి, ఒకవేళ ఒక్క పరీక్షకే డబ్బు పెడతానంటే నేను జెనెటిక్ ప్యానెల్ వదిలేసి దీనికే పెట్టమంటాను. ఒక రకంగా ఇది కూడా జీన్ టెస్టే, రక్తంలో కొలిచేది.

మరి అసలు జెనెటిక్ టెస్ట్ ఎవరికి? నా లెక్క ఇది. మందు లేకుండా ఎల్‌డీఎల్ 190 పైన ఉండి, కుటుంబంలో చిన్న వయసు గుండె జబ్బో, ఒంటి మీద పైన చెప్పిన గుర్తులో ఉన్నవాళ్లకి. ఇంట్లో ఇప్పటికే ఒకరికి ఫలానా జీన్‌లో ఫలానా మార్పు ఉందని తేలితే, వాళ్ల రక్త సంబంధీకులకి. పైన చెప్పిన ఆవిడకి అందుకే చేయించాం. ఆవిడ జబ్బు టెస్ట్ లేకుండానే తేలింది, కానీ మార్పు ఏదో తెలిస్తే తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరికి ఉందో కచ్చితంగా చెప్పొచ్చు. ఒక్కొక్కరికి రావడానికి సగానికి సగం అవకాశం.

మీ ఎల్‌డీఎల్ అంకెలో మీ జీన్స్ ఇప్పటికే ఉన్నాయి. అంకె ఎంతో తెలిశాక, దాని వెనక ఏ జీన్ ఉందో తెలిసినంత మాత్రాన 178 వాళ్లకి వైద్యం పెద్దగా మారదు. దీనికి మినహాయింపు ఎఫ్‌హెచ్. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎల్‌డీఎల్ 130 లోపు ఉండి ఎఫ్‌హెచ్ మార్పు లేనివాళ్లతో పోలిస్తే, 190 దాటి మార్పు లేనివాళ్లకి గుండె జబ్బు ముప్పు 6 రెట్లు, 190 దాటి మార్పు కూడా ఉన్నవాళ్లకి 22 రెట్లు. అంకె ఒకటే అయినా ఈ తేడా ఎందుకంటే, మార్పు ఉన్నవాళ్లకి ఆ ఎల్‌డీఎల్ పుట్టినప్పటి నుంచీ ఉంది. అదే అధ్యయనంలో ఇంకోటి కూడా తేలింది: గుండె జబ్బు లేని వాళ్లలో 190 దాటినవాళ్లని చూస్తే, వాళ్లలో ఎఫ్‌హెచ్ మార్పు ఉన్నది సుమారు 2 శాతం మందికే. అంటే ఎక్కువ కొలెస్ట్రాల్ ఉన్న ప్రతి ఒక్కరూ "మాది జెనెటిక్" అని ఎఫ్‌హెచ్ ముద్ర వేసుకోనక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో ఉమ్మి పంపితే రిపోర్టు ఇచ్చే కిట్ల గురించి అడుగుతారని తెలుసు. వాటిలో చాలావరకు కొన్ని ఎంచిన మార్పుల్నే చూస్తాయి. ఎఫ్‌హెచ్‌కి కారణమయ్యే మార్పులు వేలల్లో ఉన్నాయి. కిట్‌లో "ఏమీ లేదు" అని వస్తే అది నిజంగా లేదని కాదు. అది చూసి మందు ఆపేసిన వాళ్లు కూడా నా దగ్గరికి వచ్చారు. ఏ టెస్ట్ అయినా, దాని రిపోర్టు ఆఫీసు హెచ్‌ఆర్‌కి పంపాల్సిన పని లేదు, అది మీకూ మీ డాక్టర్‌కీ మధ్య ఉండాల్సిన కాగితం.

మందు సంగతి. "ఇంత పరుగెత్తినా తగ్గలేదంటే వ్యాయామం దండగేనా" అన్న మీ బాధ అర్థమవుతుంది. పరుగు ఎల్‌డీఎల్‌ని తగ్గించేది కొంచెమే, ఎప్పుడూ అంతే. ట్రైగ్లిజరైడ్లు, బీపీ, షుగర్, పొట్ట మీద దాని పని కనిపిస్తుంది. జన్యుపరంగా గుండె జబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లలో మంచి అలవాట్లు ఉన్నవాళ్లకి, లేనివాళ్ల కంటే గుండె జబ్బులు 46 శాతం తక్కువ అని 2016లో ఇంకో అధ్యయనం చూపించింది. కాబట్టి పరుగు ఆపకండి. సంతృప్త కొవ్వులు తగ్గించి పీచు పెంచితే ఎల్‌డీఎల్ సుమారు 10 నుంచి 15 శాతం తగ్గుతుంది, కొందరికి ఇంకాస్త. మీకు 178 నుంచి 155 దగ్గరికి రావచ్చు. మంచిదే. 100కి మాత్రం రాదు. ఆ దూరం తిండితో దాటించాలని రెండేళ్లు నోరు కట్టుకుని, చివరికి విసుగొచ్చి అన్నీ వదిలేసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

స్టాటిన్ మామూలు మోతాదులో 30 శాతం పైన, పెద్ద మోతాదులో 50 శాతం, ఇంకాస్త పైన కూడా తగ్గిస్తుంది. మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది 6 శాతమే, అందుకే ఒక దశ తర్వాత మోతాదు పెంచడం కంటే ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు జోడించడం మేలు. అమెరికా హృద్రోగ సంఘాల 2018 మార్గదర్శకాల ప్రకారం 20 నుంచి 39 ఏళ్ల మధ్యవాళ్లకి, కుటుంబంలో చిన్న వయసు గుండె జబ్బు ఉండి, ఎల్‌డీఎల్ 160 లేదా ఆ పైన ఉంటే స్టాటిన్ గురించి ఆలోచించొచ్చు. మీరు సరిగ్గా ఆ గీతల మధ్యే ఉన్నారు. "ఆలోచించొచ్చు" అన్నారు తప్ప "ఇవ్వాల్సిందే" అనలేదు. ఎల్‌పీ(ఎ) ఎక్కువ వస్తే నేను మందు వైపే మొగ్గుతాను. అది తక్కువగా ఉండి, తిండితో 150 లోపుకి దిగితే ఏడాది ఆగి చూడడానికి నాకు అభ్యంతరం లేదు.

ఆలస్యం చేస్తే ఏం పోతుంది అంటారా? ఇందాక పీసీఎస్‌కే9 దగ్గర చెప్పిన సంగతినే ఇంకో రకంగా చూడండి. జన్యుపరంగా పుట్టినప్పటి నుంచి ఎల్‌డీఎల్ 39 మిల్లీగ్రాములు తక్కువ ఉన్నవాళ్లకి గుండె జబ్బు ముప్పు సగానికి పైగా తగ్గింది. అదే 39 మిల్లీగ్రాములు నడివయసులో స్టాటిన్‌తో కొన్నేళ్లు తగ్గిస్తే తగ్గేది 22 శాతం దగ్గర. రక్తనాళం గోడకి ఎంత ఎల్‌డీఎల్ తగిలిందన్నదే కాదు, ఎన్నేళ్లు తగిలిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 36లో తీసుకునే నిర్ణయానికి, 56లో తీసుకునే నిర్ణయానికి తేడా అక్కడుంది.

కండరాల నొప్పుల భయం గురించి: ఎస్‌ఎల్‌సీఓ1బీ1 అనే జీన్‌లో ఒక మార్పు ఉన్నవాళ్లకి సిమ్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాముల మోతాదులో కండరాల సమస్య బాగా ఎక్కువని 2008లో తేలింది. ఆ మోతాదు ఇప్పుడు కొత్తగా ఎవరికీ మొదలుపెట్టరు. మిగతా స్టాటిన్లలో కొన్నింటికి ఈ జీన్ ప్రభావం చాలా తక్కువ. ఇంకో సంగతి, స్టాటిన్ పడక మానేసినవాళ్లకి తెలియకుండా కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో, స్టాటిన్‌తో వచ్చిన ఇబ్బందుల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతో కూడా వచ్చాయి. నొప్పి అబద్ధమని నేననను, వచ్చినప్పుడు సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పరీక్ష చేసి, మందు మార్చి చూద్దాం. విన్న కథలతోనే మొదలుపెట్టకుండా ఆగిపోవద్దు.

మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లని కూడా లిపిడ్ ప్రొఫైల్ ఒకసారి చేయించుకోమనండి. వాళ్లలో ఎవరికైనా 190 దాటితే ఎఫ్‌హెచ్ ఉండదన్న నా మాట వెనక్కి తీసుకుని మళ్లీ మొదటి నుంచి చూడాల్సి వస్తుంది. నాన్నగారి పాత రిపోర్టుల్లో, స్టెంట్ వేయకముందు, స్టాటిన్ మొదలుపెట్టకముందు రాసిన ఎల్‌డీఎల్ ఏమైనా దొరుకుతుందేమో వెతకండి. ఇప్పుడు ఆయన అంకె 70 ఉందంటే అది మందు పని, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

పరీక్షలు అయ్యాక ఇక్కడే రాయండి. ఎల్‌పీ(ఎ) అంకెతో పాటు అది మిల్లీగ్రాముల్లో ఇచ్చారో, నానోమోల్స్‌లో ఇచ్చారో కూడా రాయాలి. మిల్లీగ్రాముల్లో అయితే 50, నానోమోల్స్‌లో అయితే 125 దగ్గర ఎక్కువ కింద లెక్క వేస్తాం. ఒకదాన్నుంచి రెండోదానికి గుణించి మార్చుకోవడం సరిగ్గా కుదరదు కాబట్టి, ల్యాబ్ ఇచ్చింది ఇచ్చినట్టే పెట్టండి.